మన పురపాలక సంఘపు జమాఖర్చు

ఏప్రిలు 1వ తేదీన మొదలై మరుసటి మార్చి 31వ తేదీన ముగియు లెక్క యొకటి మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో ప్రతి సంవత్సరమును వ్రాయబడుచున్నది. వీథి దీపము వెలుగుట, కొళాయిలో నీరు వచ్చుట, తెల్లవాఱుజామున చెత్తబండి గంట వినబడుట, ఇవన్నియు ఆ లెక్కలోని పద్దులే. ఐనను మనలో నూటికి తొంబదిమంది దానిని కన్నెత్తి చూచియుండరు. వత్సరాంతమున సంఘమువారు తమ పరిపాలనా నివేదికను సిద్ధముచేసి ప్రభుత్వమునకు పంపుదురు. వార్తాపత్రికలలో ఇన్ని కోట్లతో ఇన్ని పనులని నాలుగు పంక్తులు వచ్చును. ఆ కోట్లెక్కడివి, ఎవరివి, ఎచ్చటికి పోయినవి అను విషయమును మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు విప్పి చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా సంఘముల పుట్టువును గూర్చి రెండు మాటలు. చెన్నపట్టణమునకు 1687వ సంవత్సరపు రాజశాసనముచే కార్పొరేషను ఏర్పడి, 1688లో పనికి పూనుకొన్నది. తెలుగు ప్రాంతములలో భీమునిపట్టణము 1861లోనే పురపాలక సంఘము గలదై పేరొందినది. మన జిల్లాలో కడపకు 1868లో సంఘ మేర్పడెను. రిప్పను ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలనను గూర్చి చేసిన తీర్మానమును, దానిని అనుసరించి 1884లో చెన్నరాజధానిలో వచ్చిన జిల్లా మ్యునిసిపాలిటీల చట్టమును, పిదప 1920నాటి చట్టమును చరిత్ర తరగతిలో చదివియుందురు. ప్రొద్దుటూరు సంఘము ఈ రెండు చట్టముల నడుమ, 1915లో, ఏర్పడినది. జమ్మలమడుగు, పులివెందులలు మాత్రము చిరకాలము పంచాయతీలుగనే యుండి ఈ శతాబ్దములో పట్టణ హోదా నందినవి. గండికోట నేటికిని పంచాయతీ క్రిందనే యున్న గ్రామము.

ఆ కాలమున పన్ను కట్టువానికే ఓటు. ఇల్లులేనివానికి వీథిని గూర్చి మాటాడు హక్కు లేదన్నమాట. స్వతంత్ర భారత రాజ్యాంగముతో ఆ నియమము తొలగి వయోజనులందఱికిని ఓటు వచ్చినది. ఆంధ్రప్రదేశములో నేడు సంఘములు 1965నాటి పురపాలక చట్టముచే నడచుచున్నవి. 1992లో చేయబడి 1993 జూను 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణములకు అప్పగింపదగిన 18 విషయములను పండ్రెండవ షెడ్యూలులో చేర్చినది. స్త్రీలకు మూడవవంతు స్థానములు కేటాయించినది. మన రాష్ట్రములో తరువాత ఆ వంతు సగమునకు పెంచబడెను. 2021లో జరిగిన ఎన్నికలనాటికి ప్రొద్దుటూరునందు 41 వార్డులు, పులివెందులయందు 33 వార్డులు ఉండెను.

ఇక జమను చూతము. సంఘముయొక్క సొంత రాబడిలో పెద్దది ఆస్తిపన్ను. మన పెద్దలు దీనిని ఇంటిపన్ను అందురు. పూర్వము ఇల్లు అద్దెకిచ్చినచో ఏడాదికెంత వచ్చునో అంచనావేసి, ఆ మొత్తముపై పన్ను కట్టించెడివారు. 2020లో చట్టము సవరింపబడి, 2021 ఏప్రిలునుండి స్థలముయొక్కయు, కట్టడముయొక్కయు మూలవిలువ ననుసరించి పన్ను విధించు పద్ధతి వచ్చినది. నివాస గృహములకు ఆ విలువపై నూటికి 10 పైసలనుండి 50 పైసలవఱకును, అంగళ్లు మొదలగువానికి 20 పైసలనుండి 2 రూపాయలవఱకును హద్దులు పెట్టి, వాని నడుమ రేటును నిర్ణయించు పనిని సంఘమునకు విడిచినారు. ఉదాహరణకు, ఒక గృహముయొక్క మూలవిలువ 10 లక్షల రూపాయలనుకొందము. రేటు నూటికి 15 పైసలైనచో పన్ను 1,500 రూపాయలగును.

అయితే వెనుక 600 రూపాయలు కట్టుచున్న గృహస్థుపై ఒక్కసారిగా 1,500 మోపినచో ఓర్వలేడని, వెనుకటి పన్నుపై ఏడాదికి నూటికి 15 కంటె మించి పెంచరాదను కట్టడి కూడ చేసిరి. ఎనిమిదవ తరగతివారు పలక తీసికొని చక్రవడ్డీ కట్టి చూడుడు. 600 మొదటి యేట 690, రెండవ యేట 793 రూపాయల 50 పైసలు, ఐదవ యేట రమారమి 1,207. అనగా ఐదేండ్లలో ఇబ్బడి యగును. “స్వల్పమైన పెంపు” అనినవారి మాటయు నిజమే. “రెట్టింపు చేసినారు” అని సణిగినవారి మాటయు నిజమే. ఇరువురును వేరువేరు కాలములను గూర్చి చెప్పుచున్నారు, అంతే.

ఈ మార్పు ఏల వచ్చినదో తెలిసికొనుట మంచిది. 2020లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు అదనముగా అప్పుచేయు వీలు కల్పించుచు, పట్టణపు పన్నులను భూముల విలువతో ముడిపెట్టవలెనని ఒక షరతు విధించినది. పదునైదవ ఆర్థిక సంఘమువారును, ఆస్తిపన్నుకు కనీసపు రేట్లను ప్రకటింపని రాష్ట్రములలోని పట్టణములకు తాము సిఫారసు చేసిన సొమ్ము రాదనిరి. అనగా మన వీథిలోని బిల్లు కలెక్టరు చేతి చీటీ వెనుక డిల్లీనగరపు ఆలోచన యొకటి యున్నది.

ఏప్రిలు నెలాఖరులోగా సంవత్సరపు పన్ను అంతయు ముందే చెల్లించువారికి నూటికి 5 వంతున తగ్గింపు కలదు. ఆలస్యము చేసినవారికి నెలకు నూటికి 2 వంతున వడ్డీ పడును. చెప్పుకొనవలసిన వింత యేమనగా, అప్పుడప్పుడు ప్రభుత్వము ఆ వడ్డీలో కొంత మాఫీ చేయుట కలదు. తక్షణమే బొక్కసము నిండుననుట వాస్తవమే గాని, వేళకు కట్టిన పేదకుటుంబమువారు దానిని చూచి ఏమనుకొందురు? ఈ మాఫీ ఎంత యరుదుగా నున్న నంత మేలని నా యభిప్రాయము.

ఆస్తిపన్ను తరువాత నీటిపన్ను, ఖాళీస్థలముల పన్ను, వ్యాపారపు లైసెన్సు రుసుములు, ఇంటి ప్లాను రుసుములు, అంగడి గదుల అద్దెలు, సంతవేలములు, ఇండ్లు నేలలు చేతులు మారునపుడు స్టాంపుసుంకముపై వచ్చు అదనపు వంతు, ఇవి చిల్లర పద్దులు. చిల్లర యంటినేగాని కొన్ని సంవత్సరములలో ఇవియే సంఘమును నిలబెట్టును.

ఇచట ఒక సందేహము మన బాలురకు తోచక మానదు. ప్రొద్దుటూరు బంగారపు వర్తకమునకు ప్రసిద్ధి. పండుగనాళ్లలోను, ముహూర్తముల కాలములోను ఒక్క దినమున జరుగు క్రయవిక్రయములు సామాన్యములు కావు. అంత ధనము చేతులు మారు పట్టణమునకు మురుగుకాలువ త్రవ్వుటకు సొమ్ము లేదనుట యెట్లు? కారణ మిది. నగపై కొనువాడు కట్టు పన్ను 2017 జూలై 1వ తేదీనుండి వస్తుసేవల పన్నుగా కేంద్ర, రాష్ట్రములకు చేరుచున్నది. పట్టణమునకు చేరునది ఆ దుకాణపు గదిపై ఆస్తిపన్నును, లైసెన్సు రుసుమును మాత్రమే. పూర్వము సంఘముల చేతిలో నుండిన వృత్తిపన్ను 1987నాటి చట్టముతో రాష్ట్రప్రభుత్వపు వసూలులోనికి పోయినది. అంతకుముందే, చెన్నరాజధాని కాలమున, బండ్లపై తీయుచుండిన టోలుగేటు సుంకము 1931లో మోటారుబండ్ల పన్ను వచ్చుటతో ఎత్తివేయబడెను. ఇట్లు ఒక్కొక్క కాలువ పైవారి చెఱువులోనికి మళ్లింపబడగా, పట్టణము తన పంటకు పైవారు వదలు తూమునీటికై కనిపెట్టుకొని యుండవలసివచ్చినది.

ఆ తూమునీటినే గ్రాంటు లందురు. 2021నుండి 2026వఱకు గల ఐదేండ్లకు పదునైదవ ఆర్థిక సంఘమువారు చిన్న పట్టణముల విషయములో నొక విభజన చేసిరి. వచ్చిన నూటిలో 40 రూపాయలు సంఘము తన యవసరము ననుసరించి వాడుకొనవచ్చును. 30 త్రాగునీటికి, వాననీటిని నిలువచేయుటకు, వాడిన నీటిని మరల శుద్ధిచేయుటకు. 30 పారిశుద్ధ్యమునకును చెత్తను వదిలించుటకును. ఆ సొమ్ము అందుటకు గడచిన యేటి లెక్కలను, అంతకుముందటి యేటి ఆడిటైన లెక్కలను ప్రజలు చూచునట్లు ప్రకటింపవలెనను నియమము కూడ చేర్చిరి. ఈ కడపటి నియమమునకు పత్రికలలో రావలసినంత ప్రసిద్ధి రాలేదు. గ్రాంటుకంటె నాకు దీనియందే యెక్కువ మక్కువ.

గ్రాంటుల సంగతి చెప్పునపుడు పులివెందులను విడువరాదు. వై. యస్. రాజశేఖరరెడ్డిగారును, తరువాత జగన్మోహనరెడ్డిగారును ఆ నియోజకవర్గమునుండి శాసనసభకు ఎన్నికై ముఖ్యమంత్రులైరి. ఆ కాలములలో పట్టణమునకు రోడ్లు, కార్యాలయములు, 2006లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల మొదలగునవి సమకూడెను; ప్రాంతాభివృద్ధికై ప్రత్యేక సంస్థయే ఏర్పడెను. ఒక చిన్న పట్టణము ఇంతటి పెట్టుబడిని తన యింటిపన్నుతో కలలోనైన కూర్చుకొనలేదు. ఇందులో తప్పుపట్టవలసిన దేమియు లేదు. అయితే పైనుండి వచ్చిన కట్టడమునకు దీపము, కాపలా, సున్నము, మరమ్మతు క్రిందనుండియే రావలెను. అనగా గ్రాంటు వచ్చిన ప్రతి పట్టణమును తన సొంత వసూలును పెంచుకొనక తప్పదు. పాలకుడు మారిన తరువాతి సంవత్సరపు లెక్కలో ఈ సత్యము బాగుగా కనబడును.

ఇప్పుడు ఖర్చు. దీనిలో రెండు పాళ్లున్నవి. మొదటిది నడక ఖర్చు. జీతములు, విద్యుచ్ఛక్తి బిల్లులు, బ్లీచింగుపొడి, బండ్ల డీజిలు, చిన్న మరమ్మతులు. రెండవది మూలధనపు ఖర్చు. నీళ్లటాంకి, సిమెంటు రోడ్డు, ఉద్యానవనము. ప్రారంభోత్సవమునకు పటము తీయించుకొనదగినవి రెండవ పాలులోనివి. జనుల ఆరోగ్యమును కాపాడునవి హెచ్చుగా మొదటి పాలులోనివి. పాతకాలపు లెక్కలలో టాంకి కట్టిననాడు ఖర్చు వ్రాసి ఊరకుండెడివారు. అది ఏటేట అరుగుచున్నదను మాట ఎచ్చటను కనబడెడిది కాదు. 2004లో ప్రకటింపబడిన జాతీయ పురపాలక లెక్కల మాన్యువలు ననుసరించి ఇప్పుడు జంటపద్దు విధానములో ఆస్తులను, వాని తఱుగును కూడ వ్రాయవలెను.

నీటిని గూర్చి కొంత విస్తరించి చెప్పెదను, ఏలయన మన సీమలో తక్కినవన్నియు దాని తరువాతివే. భూగర్భ మురుగుకాలువలు గల పట్టణములో మనిషికి దినమునకు 135 లీటర్లు ఇయ్యవలెనని జాతీయ ప్రమాణము. ప్రొద్దుటూరు జనసంఖ్య 2011నాటికే లక్షా అరువదివేలకు పైబడినది. లెక్కకు సులువుగా 1,60,000 అనుకొనిన, దినమునకు 2 కోట్ల 16 లక్షల లీటర్లు. సంవత్సరమునకు సుమారు 788 కోట్ల లీటర్లు. ఒక టి.యం.సి., అనగా వందకోట్ల ఘనపుటడుగుల నీరు, 2,830 కోట్ల లీటర్లకు కొంచెము పైన. కావున ఆ మహాపట్టణము ఏడాదిపొడుగున త్రాగి, వండి, స్నానమాడి, బట్టలుతుకుటకు కావలసినది పావు టి.యం.సి.కి కొద్దిగా మించిన నీరే.

మన గండికోట జలాశయపు నిలువశక్తి 26.85 టి.యం.సి.లు. శ్రీశైలమునుండి కృష్ణాజలములు అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో వచ్చి ఇందు చేరుచున్నవి. అంతటి జలాశయములో రమారమి నూఱవవంతు నీరు పట్టణమున కేడాది పొడుగునకు చాలును! ఐనను వేసవిలో బిందెలు వరుస కట్టుట మనమెఱుగుదుము. కొఱత నీటియందు లేదు. నీరెక్కడనుండి యెత్తవలెను, ఎంతదూరము గొట్టములు వేయవలెను, పంపులకు విద్యుత్తు బిల్లెవరు కట్టవలెను, పాతగొట్టములలో కాఱిపోవుదాని నెవరు కనిపెట్టవలెను, కొఱత ఇందున్నది. పెన్నయేటి యిసుకలోని ఊటను నమ్ముకొనిన ప్రొద్దుటూరుకు, ఎగువ మైలవరము జలాశయమునుండి నీరు వదలినగాని ఆ ఊట నిలువని సంవత్సరములున్నవి. పులివెందులవారు పార్నపల్లెవద్ద చిత్రావతిపై గల జలాశయమును ఆశ్రయించియున్నారు. పది లీటర్లు పంపగా మూడు దారిలో కాఱినవనుకొందము. పంపుటకైన ఖర్చు పదింటికి. పన్ను వచ్చునది ఏడింటికి. నివేదికలో “కొత్త కనెక్షన్లు” అను పద్దుకు ప్రక్కన “కాఱుదల” అను పద్దు లేనిచో ఆ నివేదిక సగము చెప్పినట్లే.

మఱియొక మాట. ఈ జలాశయము ఊరక నిండలేదు. 2020-21లో నీటిమట్టము పెంచినపుడు కొండాపురము మండలములోని తాళ్లప్రొద్దుటూరు మొదలగు గ్రామములవారు తమ యిండ్లను, అరుగులను, తులసికోటలను విడిచి పోవలసివచ్చినది. పట్టణపు కొళాయి త్రిప్పునపుడు ఆ మూల్యము ఏ జమాఖర్చులోను కనబడదు. వారికి పరిహారముగా నిచ్చిన సొమ్ము సంఖ్యలలో వ్రాయబడును, ఊరు వ్రాయబడదు.

పారిశుద్ధ్యపు లెక్కయు నేర్వదగినదే. 2021 అక్టోబరు 2వ తేదీన ఇంటింటి చెత్తసేకరణకై ప్రత్యేక కార్యక్రమము మొదలుపెట్టి, ఇంటికింతయని నెలరుసుము విధించిరి. జనులు దీనికి చెత్తపన్నని పేరుపెట్టి మిక్కిలి విసిగికొనిరి. 2024లో వచ్చిన ప్రభుత్వము దానిని రద్దుచేసినది. అందఱును సంతసించిరి. కాని బండి తిరుగుట మానలేదు, మానరాదు. డ్రైవరు జీతము, డీజిలు, చేతితొడుగులు ఇప్పుడేపద్దునుండి వచ్చుచున్నవి? సాధారణ నిధినుండి, అనగా ఇంటిపన్నునుండియు గ్రాంటులనుండియు. పన్ను పోయినను ఖర్చు పోలేదు, చోటు మారినది. రుసుమును ఉంచవలసినదని నేననుట లేదు. అద్దెకొంపలో నున్న కూలివానికిని మేడలో నున్నవానికిని ఒకేవిధమగు రుసుము న్యాయము కాదనువారి వాదములో బలమున్నది. ఐనచో దానికి బదులు దేనిని తగ్గించితిరని సభ్యులను అడుగు హక్కు మనకున్నది.

పేదల పేటల పాలు వేరుగా చూడవలెను. తప్పనిసరి ఖర్చులు పోగా మిగిలిన నికరాదాయములో నూటికి 40 వంతు మురికివాడల బాగునకై వెచ్చింపవలెనని మన రాష్ట్రములో నియమము కలదు. వినుటకు ఘనముగా నున్నది. కాని “తప్పనిసరి ఖర్చులు పోగా” అను మాటలను మరల చదువుడు. జీతములును, కరెంటు బిల్లులును తినగా మిగిలినది పదిరూపాయలైనచో పేటకు వచ్చునది నాలుగే. అందుచేత పేదలపేట మేలుకోరువాడు ముందుగా బజారువీథిలోని పన్ను వసూలును విచారింపవలెను. పేటలలోని స్త్రీల పొదుపు సంఘములను కూర్చుటకై 2007లో ఏర్పడిన మెప్మా సంస్థ వేరే పనిచేయుచున్నది. అచటి అప్పుల తిరుగుచెల్లింపు చూచినచో మన పెద్ద బకాయిదారులు సిగ్గుపడవలసియుండును.

వైద్యమున కిచ్చట ఒక చిన్న ప్రస్తావన. జమ్మలమడుగులో లండను మిషను కాలమున డాక్టరు కాంబెలుగారు నెలకొల్పిన ఆసుపత్రి, పట్టణమునకు పురపాలక హోదా రాకముందే చుట్టుప్రక్కల గ్రామములకు పెద్ద దిక్కైనది. పట్టణముయొక్క అభివృద్ధి యంతయు సంఘపు పద్దులలో నుండదని చెప్పుట కిదొక నిదర్శనము.

గండికోటకు విహారమునకు పోవు బాలురు కొండపైనున్న గొప్ప ధాన్యాగారమును, రాయలచెరువును, మసీదును, మాధవరాయల గుడిని చూచుదురు. పెమ్మసాని నాయకుల యేలుబడిలో వెలసిన ఆ కోటలోను నీరు నిలువచేయుటకు, గింజలు దాచుటకు పెట్టుబడి పెట్టినవారే యుండిరి. మీర్ జుమ్లా 1650లో ఆ కోటను పట్టుకొనునప్పటికి ఎన్ని గాదెలలో ధాన్యముండెనో, దానికి ఏ గ్రామమువారెంత కొలిచిరో చెప్పు లెక్క మనకు కనబడదు. రాతిగోడలు మిగిలినవి, కవిలెలు మిగులలేదు. నేటి పట్టణములలో కవిలె వ్రాయుటయు, అది ప్రజలకు చూపుటయు చట్టముచే విధింపబడినది.

దానిని చూచు విధము చెప్పి విరమించెదను. వార్డు సచివాలయమునకో, సంఘ కార్యాలయమునకో పోయి మీ వార్డుయొక్క డిమాండు, వసూలు, బాకీ పట్టికను అడుగుడు. కార్యాలయములో దీనిని డీసీబీ యందురు. మొదటి గడిలో రావలసినది, రెండవ గడిలో వచ్చినది, మూడవ గడిలో నిలిచినది. మూడవ గడి సంఖ్య ఏటేట పెరుగుచున్నదా తగ్గుచున్నదా చూడుడు. పిమ్మట ఆ సంవత్సరము మీ వార్డులో చేసిన పనుల జాబితాను, ఒక్కొక్కదానికి అంచనా యెంత, చెల్లించినదెంత అని వ్రాయించుకొనుడు. ఇయ్యమన్నచో 2005నాటి సమాచార హక్కు చట్టము క్రింద తెల్లకాగితముపై తల్లిదండ్రులచే దరఖాస్తు పెట్టించి రసీదు తీసికొనుడు. ముప్పది దినములలో జవాబు రావలెను. రాకపోయినచో అప్పీలు చేయవలసిన యధికారి పేరు ఆ కార్యాలయపు గోడమీదనే వ్రాసి యుండవలెను.